నాలుగు వందల మందికే చోటున్న దీవి: సిడ్నీ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

సిడ్నీ పడమటి శివార్లలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు,

సంక్రాంతి ముగ్గులు, ఉగాది పచ్చడి, బతుకమ్మ ఆటలు, పిల్లల తెలుగు బడి... వీటి వెనుక మీరు పడే శ్రమ వెస్ట్‌మీడ్‌లో, వెంట్‌వర్త్‌విల్‌లో, పెండిల్ హిల్‌లో ఉంటున్న మా అందరికీ తెలుసు. ఉద్యోగాలు చేసుకుంటూ, శని ఆదివారాలు వదులుకుని చేస్తున్నారు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. స్కూలు సెలవులు దగ్గర పడగానే వాట్సాప్ గ్రూపుల్లో యాత్రల కబుర్లు మొదలవుతాయి. కయామా, హంటర్ వ్యాలీ, కాన్‌బెర్రా పూల పండుగ, గోల్డ్ కోస్ట్. రెండు బస్సులు, మూడు బస్సులు, పులిహోర పొట్లాలు, దారి పొడుగునా అంత్యాక్షరి. అవన్నీ ఉండాల్సినవే. ఈసారి మీ ఆలోచనలో ఇంకొక పేరు చేర్చమని అడుగుతున్నాను: లార్డ్ హౌ దీవులు. అక్కడికి వెళ్ళే పద్ధతి మాత్రం మనకు అలవాటైన పద్ధతి కాదని ముందే చెబుతున్నాను.

అరుదైన పక్షులు, జంతువులు ఉన్న దీవులనగానే మన పిల్లలు గలాపగోస్ అంటారు. స్కూల్లో డార్విన్ పాఠం చదివారు కదా. అలాంటి చోటు మనం ఉంటున్న న్యూ సౌత్ వేల్స్‌లోనే ఉందని వాళ్ళలో చాలామందికి తెలియదు. పోర్ట్ మెక్వారీకి తూర్పున సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, టాస్మన్ సముద్రం మధ్యన, చిన్నవీ పెద్దవీ కలిపి 28 దీవులూ రాళ్ళూ ఉన్నాయి. మనుషులు ఉండేది ఒక్కదాని మీదే. నెలవంకలా వంగి ఉంటుంది. పొడవు దాదాపు 11 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడా మూడుకు మించదు. దక్షిణపు కొసన లిడ్జ్‌బర్డ్, గోవర్ అనే రెండు కొండలు మబ్బుల్లోకి లేచి ఉంటాయి. గోవర్ ఎత్తు 875 మీటర్లు. ఇంకా ఆగ్నేయంగా 23 కిలోమీటర్లు పోతే బాల్స్ పిరమిడ్ అనే రాయి సముద్రంలోంచి 550 మీటర్లకు పైగా నిట్టనిలువుగా నిలబడి ఉంటుంది. 1788 ఫిబ్రవరిలో సప్లై అనే ఓడలోని వాళ్ళు అటుగా వెళుతూ లార్డ్ హౌ దీవిని చూశారు. అంతకు ముందు అక్కడ మనిషి బతికిన జాడలేవీ దొరకలేదు. 1982లో యునెస్కో ఈ దీవుల సముదాయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ దీవి మీద ఒక సమయంలో 400 మంది సందర్శకులకు మించి ఉండకూడదని నియమం ఉంది. దీవి వాసుల సంఖ్యా దాదాపు అంతే. సిడ్నీ నుంచి రెండు గంటల లోపు ప్రయాణమే అయినా, రన్‌వే పొట్టిది కనుక చిన్న ప్రొపెల్లర్ విమానాలే దిగగలవు. వాటిలో లగేజీ బరువుకు గట్టి పరిమితి ఉంటుంది. గది బుక్ చేసుకోకుండా వెళ్ళడానికి వీల్లేదు, గుడారాలు వేసుకోనివ్వరు. రోడ్డు మీద వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. జనం సైకిళ్ళ మీద తిరుగుతారు. మొబైల్ సిగ్నల్ ఉండదు. ఇవన్నీ విని ఇబ్బంది అనుకునేవాళ్ళుంటారు. నన్నడిగితే, ఆ దీవిలో చూడదగినవన్నీ ఈరోజుకీ మిగిలి ఉన్నాయంటే కారణం ఈ ఇబ్బందులే.

అందుకే నా మొదటి విన్నపం. దయచేసి సంఘం పేరుతో నలభై, యాభై మందిని ఒకేసారి తీసుకెళ్ళాలని చూడకండి. మూడు నాలుగు కుటుంబాలు చాలు. సంఘం చేయవలసిన పని వేరే ఉంది. వెళ్ళేవాళ్ళను సిద్ధం చేయాలి, ఖర్చు భరించలేని కుటుంబాల పిల్లలకు చేయూతనివ్వాలి, తిరిగొచ్చిన పిల్లల చేత మిగతా పిల్లలకు చెప్పించాలి. ఖర్చు ఎక్కువే, దాచడం దేనికి. అదే డబ్బుతో బాలీ వెళ్ళి రావచ్చని చాలామంది అంటారు, నిజమే. చలికాలంలో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, గదుల రేట్లు తగ్గుతాయి. అప్పుడు నీళ్ళు చల్లగా ఉంటాయి, కొన్ని లాడ్జీలు మూసేస్తారు. అయినా పిల్లలతో వెళ్ళడానికి జూలై సెలవులే మేలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

చలికాలం ప్రావిడెన్స్ పెట్రెల్ అనే సముద్రపు పక్షి గూళ్ళు పెట్టుకునే కాలం. ప్రపంచంలో ఆ పక్షులన్నీ దాదాపుగా లిడ్జ్‌బర్డ్, గోవర్ కొండల మీదే పిల్లల్ని కంటాయి. గోవర్ ఎక్కాలంటే లైసెన్సున్న గైడు వెంట ఉండాలి, పైకెక్కి దిగేసరికి ఎనిమిది గంటలకు పైగా పడుతుంది, కొన్నిచోట్ల తాళ్ళు పట్టుకుని పోవాలి. చిన్నపిల్లలకు అది వద్దు. వాళ్ళను మధ్యాహ్నం దాటాక కొండల పాదాల దగ్గరున్న లిటిల్ ఐలాండ్ దాకా నడిపించుకుని వెళ్ళండి. పేరుకు ఐలాండే గానీ నడిచి పోవచ్చు, దారి చదునుగానే ఉంటుంది. తల పైకెత్తితే వందల పక్షులు గుండ్రంగా తిరుగుతుంటాయి. మేము వెళ్ళినప్పుడు మాతో వచ్చిన గైడు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఒక పొడుగాటి కూత పెట్టాడు. తాటాకుల్లాంటి మట్టల మధ్య నుంచి ఏదో జారి దబ్బున కింద పడింది. లేచి, రెక్కలు సర్దుకుని, తడబడే అడుగులతో నడుచుకుంటూ మా దగ్గరికే వచ్చింది. బూడిద రంగు ఒళ్ళు, నల్లటి ముక్కు, ముక్కు మీద చిన్న గొట్టం. మా పక్కింటి చిన్నది కూర్చున్న చోటనే కదలకుండా ఊపిరి బిగబట్టింది. పక్షి ఆమె బూటు లేసు పట్టి లాగింది. మనిషి నుంచి ప్రమాదం వస్తుందన్న సంగతే దానికి తెలియదు.

ఆ తెలియకపోవడానికి ఇంకొక చోట ఆ పక్షి ఎంత మూల్యం చెల్లించిందో పిల్లలకు అక్కడే చెప్పండి. 1790 మార్చిలో నార్ఫోక్ దీవి దగ్గర సిరియస్ అనే ఓడ పగిలిపోయింది. తిండి లేక అల్లాడిన అక్కడి ఖైదీలు, సైనికులు మౌంట్ పిట్ అనే కొండ మీద ఈ పక్షుల్ని పట్టుకుని తిన్నారు. కొద్ది నెలల్లో లక్షన్నరకు పైగా. దేవుడే పంపాడని దానికి ప్రావిడెన్స్ అనే పేరు పెట్టింది వాళ్ళే. ఆకలితో ఉన్నవాళ్ళను తప్పుపట్టలేం. కానీ ఆ శతాబ్దం ముగిసేసరికి నార్ఫోక్ దీవి మీద ఆ పక్షి లేకుండా పోయింది.

లార్డ్ హౌ దీవిలోనూ కొన్ని పక్షులకు అదే గతి పట్టింది. 1918 జూన్‌లో మకాంబో అనే ఓడ నెడ్స్ బీచ్ దగ్గర ఒడ్డుకు తగిలింది. దాన్ని బాగుచేస్తున్న రోజుల్లో అందులోని నల్ల ఎలుకలు దీవి ఎక్కాయి. అక్కడి పక్షులకు ఎలుక అంటే ఏమిటో తెలియదు. కొన్నేళ్ళలో ఆ దీవిలో తప్ప ఎక్కడా లేని అయిదు రకాల పక్షులు శాశ్వతంగా పోయాయి. అరచేయంత పొడవుండే నల్లటి స్టిక్ ఇన్సెక్ట్ అనే పురుగు కూడా 1920 నాటికి అంతరించిందనుకున్నారు. 2001లో డేవిడ్ ప్రిడెల్, నికొలాస్ కార్లైల్ అనే శాస్త్రవేత్తల బృందం బాల్స్ పిరమిడ్ ఎక్కింది. రాతి పగుల్లో మొలిచిన ఒక పొద కింద రాత్రిపూట దీపం వేసి వెతికితే ఆ పురుగులు కనిపించాయి. అతి కొద్ది మాత్రమే. రెండేళ్ళ తర్వాత రెండు జంటల్ని తెచ్చి పెంచడం మొదలుపెట్టారు. మెల్‌బోర్న్ జూలో ఇప్పటికీ వాటి సంతతి ఉంది.

వుడ్‌హెన్ కథ కూడా ఇలాంటిదే. ఎగరలేని గోధుమరంగు కోడి అది. పందులు, పిల్లులు, మనుషులు కలిసి 1970ల చివరికి దాన్ని ముప్పై లోపుకు తెచ్చారు. అడవిలో పందుల్ని తొలగించి, 1980 నుంచి కొన్ని జంటల్ని పంజరాల్లో పెంచి, పిల్లల్ని అడవిలోకి వదిలారు. ఎలుకల సమస్య మాత్రం 2019 దాకా మిగిలే ఉంది. విషం చల్లాలా వద్దా అని 2015లో దీవి వాసుల ఓటు అడిగితే స్వల్ప తేడాతో సరే అన్నారు. ఇరుగుపొరుగు మధ్య మాటలు తెగిపోయేంత వాదన జరిగింది. చివరికి హెలికాప్టర్లతో కొండల మీద, చేతులతో ఊళ్ళో మందు వేశారు. ఆ నెలల్లో వుడ్‌హెన్‌లలో అత్యధిక భాగాన్ని పట్టి, సిడ్నీ టరోంగా జూ సిబ్బంది అక్కడే పందిళ్ళు కట్టి సాకారు. 2021లో మళ్ళీ ఎలుకలు కనిపిస్తే వాటినీ వెతికి పట్టారు. ఆ తర్వాత వుడ్‌హెన్‌ల సంఖ్య రెట్టింపుకు మించి పెరిగింది. ఇప్పుడు రోడ్డు పక్కన, లాడ్జి మెట్ల దగ్గర, మీ కాళ్ళ మధ్య తిరుగుతాయి. తిండి పెట్టకండి. ముద్దు చేయకండి. కూర్చుని చూడండి, చాలు.

పక్షుల్ని కాపాడుకోవడం మనవాళ్ళకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు పక్కన ఉప్పలపాడులో వలస వచ్చే కొంగల్ని, పెలికాన్‌లను ఊరివాళ్ళే కాపాడుకుంటూ వస్తున్నారు. పక్షులు వస్తే ఊరికి మంచిదని నమ్మిన అమ్మమ్మల మనవలే ఇక్కడ పెరుగుతున్నారు. వాళ్ళకు ఆ నమ్మకం వెనుకున్న పనిని చూపించే అవకాశం ఇది.

పని అన్నాను కనుక ఒక మాట. ఆ దీవిలో సందర్శకులు చేయగలిగిన వాటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది కలుపు తీయడం. ఫ్రెండ్స్ ఆఫ్ లార్డ్ హౌ ఐలాండ్ అనే సంస్థ ద్వారా వచ్చిన వాలంటీర్లు కొన్ని గంటలు అడవిలో పరాయి మొక్కల్ని పీకుతారు. చెర్రీ జామ, నేల మీద పాకే ఆస్పరాగస్, ఇలా ఎవరో పెరటి కోసం తెచ్చినవి అడవిని మింగుతున్నాయి. తాతల కాలం దాకా చేలో కలుపు తీసిన కుటుంబాలు మనవి. ఆ పిల్లలు మొక్క మొదలు పట్టి వేరుతో సహా లాగడం నేర్చుకుంటే, సగం తెంపితే మళ్ళీ ఎందుకు మొలుస్తుందో వాళ్ళకే తెలుస్తుంది. దీవిలోని మ్యూజియంలో ఇయాన్ హట్టన్ లాంటి ప్రకృతి పరిశోధకులు దశాబ్దాలుగా పోగుచేసిన జ్ఞానమంతా ఉంది. మొదటిరోజే అక్కడికి వెళ్ళండి, మిగతా రోజుల్లో కళ్ళు ఎటు పెట్టాలో తెలుస్తుంది.

మిగతావి త్వరగా చెబుతాను. దీవి పడమటి వైపు లాగూన్ ఉంది, ప్రపంచంలో అన్నిటికంటే దక్షిణాన ఉన్న పగడాల దిబ్బ అక్కడిదే. వేడి పెరిగి 2019లో దానిలో కొంత భాగం తెల్లబడింది. స్నార్కెల్‌తో దిగితే పగడాల్ని కాళ్ళతో తాకకండి. ఓల్డ్ సెటిల్‌మెంట్ బీచ్‌లో తాబేళ్ళు కనిపిస్తాయి. నెడ్స్ బీచ్‌లో మోకాలి లోతు నీళ్ళలో నిలబడితే చేపలు చుట్టూ చేరతాయి. అక్కడ అమ్మే మేత తప్ప రొట్టె ముక్కలు వేయకూడదు. స్నార్కెల్ సామాను ఉన్న షెడ్డులో మనిషి ఉండడు, డబ్బాలో డబ్బు వేసి తీసుకోవాలి. పిల్లల చేత ఆ డబ్బు వేయించండి. వేసవిలో వెళితే లాగూన్ రోడ్డు పక్క చెట్ల మీద తెల్ల టెర్న్‌ను వెతకండి. గూడు కట్టదు, ఉత్త కొమ్మ మీదే ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. గాలికి కొమ్మ ఊగుతుంటే చూసేవాళ్ళకే గుండె జారుతుంది.

ఇప్పుడు మనసుకు కష్టం కలిగించే విషయం. ఏప్రిల్ సెలవుల్లో వెళ్ళేవాళ్ళు సాయంత్రం నెడ్స్ బీచ్‌లో కూర్చుంటే చీకటి పడేవేళ షియర్‌వాటర్ పక్షులు సముద్రం నుంచి వచ్చి ఇసుక మీద, గడ్డి మీద వాలతాయి. దీవి వాసులు మటన్‌బర్డ్ అంటారు. చెట్ల కింద బొరియల్లో వాటి పిల్లలుంటాయి. తల్లిదండ్రులు టాస్మన్ సముద్రంలో ఆహారమనుకుని ఏరుకొచ్చినదాన్నే వాటి నోట్లో పెడతాయి. అందులో ప్లాస్టిక్ ఉంటుంది. పరిశోధకురాలు జెన్నిఫర్ లేవర్స్ బృందం ఏళ్ళ తరబడి ఈ పిల్లల కడుపుల్ని పరీక్షిస్తోంది. సన్నటి గొట్టంతో నీళ్ళు పంపి కక్కిస్తే, సీసా మూతలు, పగిలిన ముక్కలు పళ్ళెంలోకి వస్తాయి. కొన్ని పిల్లల పొట్టను నొక్కితే లోపల ముక్కలు ఒరుసుకున్న చప్పుడు వినిపిస్తుంది. ప్లాస్టిక్ వల్ల కడుపు గోడలకు మచ్చలు పడే ఈ జబ్బుకు 2023లో ప్లాస్టికోసిస్ అని పేరు పెట్టారు.

ఆ ప్లాస్టిక్ ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. ప్రతి ముక్కా ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. కానీ ఇది మాత్రం చెప్పగలం. వెస్ట్‌మీడ్ దగ్గరే టూంగాబీ క్రీక్, డార్లింగ్ మిల్స్ క్రీక్ కలిసి పారమట్టా నది అవుతుంది. ఆ నది సిడ్నీ హార్బర్‌లో కలుస్తుంది, హార్బర్ టాస్మన్ సముద్రంలోకి తెరుచుకుంటుంది. మన వీధి కాలువలో పడ్డ సీసా మూతకు ఆ సముద్రం దాకా దారి ఉంది. అందుకని, దీవికి వెళ్ళినా వెళ్ళకపోయినా, మీ అందరినీ ఒకటి కోరుతున్నాను. పార్కుల్లో జరిపే వనభోజనాల్లో చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు పంచడం ఆపండి. పెద్ద డ్రమ్ములు, ఇంటినుంచి తెచ్చుకున్న గ్లాసులు పెట్టండి. ఊళ్ళో పెళ్ళిళ్ళకు అదే చేసేవాళ్ళం. వేదిక అలంకరణకు బెలూన్లు మానేసి మామిడాకులో, బంతిపూలో కట్టండి.

ప్రయాణపు సన్నాహం గురించి చివరగా. దీవిలో సరుకులు ఖరీదు, ఓడ పోర్ట్ మెక్వారీ నుంచి రెండు వారాలకొకసారి వస్తుంది. అందుకని మనవాళ్ళు పప్పులు, పొడులు, ఆవకాయ సర్దుకుంటారు, తప్పులేదు. పచ్చి కరివేపాకు రెమ్మలు, మొక్కలు, విత్తనాలు, మట్టి అంటిన కూరగాయలు సర్దేముందు ఏవి తేవచ్చో దీవి పాలన చూసే బోర్డును అడగండి. విమానాశ్రయంలో వాసన పట్టే కుక్కలుంటాయి, కానీ కుక్కకు దొరుకుతుందేమోనన్న భయంతో చేసే పని కాదిది. బూట్లు మరీ ముఖ్యం. మర్టిల్ రస్ట్ అనే తుప్పు తెగులు ఉంది. లేత ఆకుల మీద పసుపు పొడి చల్లినట్టు కనిపిస్తుంది. మన జామ, నేరేడు కుటుంబపు చెట్లను పడుతుంది. ఆస్ట్రేలియాలో మొదట 2010లో మన రాష్ట్రంలోనే కనబడింది. వెస్ట్‌మీడ్ పెరళ్ళలో కంచెగా పెంచే లిల్లీపిల్లీ కూడా ఆ కుటుంబమే. దాని పొడి బట్టలకు, బూట్లకు అంటుకుని ప్రయాణిస్తుంది. 2016లో దీవికి చేరితే ఎంతో కష్టపడి తొలగించారు. 2023లో మళ్ళీ కనబడింది, అడవిలోని దారులు కొన్నాళ్ళు మూసేశారు. ఒక్క జత బూట్లకు అంటిన పొడి చాలు. స్పీకర్లు, డ్రోన్లు ఇంట్లోనే వదిలేయండి. చలికాలంలో దీవి గడియారం సిడ్నీ కంటే అరగంట ముందుంటుంది, అంటే ఇండియాకు సరిగ్గా అయిదు గంటల తేడా. మొబైల్ పనిచేయదు కనుక అమ్మానాన్నలకు ఆ సంగతి ముందే చెప్పి బయల్దేరండి, లేకపోతే కంగారుపడతారు.

మీ తదుపరి సమావేశంలో మూడు విషయాలు చర్చకు పెట్టమని కోరుతున్నాను. వచ్చే జూలైకి నాలుగు కుటుంబాలకు మించకుండా ఒక బృందం. డబ్బు లేక ఆగిపోయే ఇద్దరు పిల్లల ఖర్చుకు సంఘం నిధి నుంచి సాయం. వనభోజనాల్లో ప్లాస్టిక్ సీసాలు ఆపడానికి ఒక తీర్మానం. విమానం సీట్లు, గదులు నెలల ముందే అయిపోతాయి కనుక నిర్ణయం త్వరగా తీసుకోవాలి. తెలుగు బడిలో శనివారం క్లాసు అయ్యాక ఒక గంట ఇప్పించండి. నేను వచ్చి పిల్లలకు దీవి మ్యాపు చూపిస్తాను, బూట్ల అడుగు బ్రష్షుతో ఎలా తోముకోవాలో దగ్గరుండి చేయిస్తాను. పాత బూట్లు ఒక జత వెంట తెమ్మని చెప్పండి.

ఇట్లు,
వెస్ట్‌మీడ్ నుంచి మీలో ఒకరు